పిండిమర అన్నాక పిండి ఆడాలి

పాత కట్టడాన్ని బాగు చేయించడమంటే రంగులేసి, చుట్టూ తాడు కట్టి, "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టడం కాదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని మళ్లీ చేయించాలి. నమ్మకం లేకపోతే అమెరికాలోని వర్జీనియాలో, గ్రేట్ ఫాల్స్ దగ్గరున్న కోల్విన్ రన్ మిల్లుకి వెళ్లి రండి. రూట్ 7 పక్కనే ఉంటుంది. యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మనవాళ్లు ఎంతమంది! లూరే గుహలకీ నయాగరాకీ గంటలకొద్దీ డ్రైవ్ చేస్తారు, దీని దగ్గర మాత్రం కారు ఆపరు. నాకు నిజంగా బాధేస్తుంది.

1811 ప్రాంతంలో కట్టిన మిల్లు ఇది. 1965లో ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ పార్కుల శాఖ కొని బాగు చేయించింది. నీళ్లు వదిలితే చక్రం ఇప్పటికీ తిరుగుతుంది, లోపల గోధుమలు, మొక్కజొన్నలు నలుగుతాయి.

అసలు చూడాల్సింది లోపలే. ఒకప్పుడు మిల్లుల్లో బస్తాలు భుజాన మోస్తూ మెట్లెక్కేవారు. ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన పట్టీకి వరసగా చిన్న డబ్బాలు బిగించి, గింజల్ని పై అంతస్తుకి తోడించాడు. రాళ్ల మధ్య నలిగిన పిండి వేడిగా, చెమ్మగా ఉంటుంది. దాన్నీ మళ్లీ పైకి చేర్చి, గుండ్రంగా తిరిగే పళ్ల చెక్కతో పరిచి ఆరబెట్టించాడు. ఈ మిల్లులో ఉన్నదీ ఆ ఏర్పాటే, అన్నిటికీ నీటి చక్రమే బలం! 1790లో అమెరికా ఇచ్చిన మూడో పేటెంట్ ఈ ఏర్పాటుకే. జార్జ్ వాషింగ్టన్ కూడా తన మిల్లులో దీన్ని పెట్టించాడు. ఆ మిల్లులో పనిచేసినవాళ్లలో బానిసలున్నారు. యంత్రం గొప్ప చెప్పేటప్పుడు ఆ మాట దాటేయకూడదు.

"షాపులో పిండి చవగ్గా దొరుకుతుంటే ప్రజల డబ్బు దీనికెందుకు?" అంటారు కొందరు. చక్రం ఆగిపోతే కింది భాగం నానుతూ, పైభాగం ఎండుతూ చెక్క పాడైపోతుంది. మన తిరగలికి కక్కు కొట్టినట్టే ఈ రాళ్లకీ గాడులు చెక్కుతుండాలి. పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, రాళ్ల మధ్య ఎడం సరిచేసే మనిషి కావాలి. ఆ పనితనం పుస్తకం చదివితే రాదు. రోజూ కాకపోయినా, మర ఆడుతూ ఉంటేనే ఇంకొకరికి అబ్బుతుంది. దానికి నా పన్ను డబ్బులు పోతే నాకు సంతోషమే.

ఏ రోజు ఆడిస్తారో ముందే కనుక్కుని, పిల్లల్ని తీసుకుని వెళ్లండి. అక్కడ అమ్మే మొక్కజొన్న రవ్వతో ఉప్మా బాగుంటుంది, నీళ్లు కాస్త ఎక్కువ పోయాలి. మిగిలిన రవ్వ ఫ్రిజ్‌లో పెట్టుకోండి, బయట ఉంచితే తొందరగా పాడవుతుంది.