స్కాన్‌లో గాలిదారి పెరిగింది సరే, గురక తగ్గిందా?

ఆ మధ్య తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్క ఇంట్లో పడుకున్నాను. ఎనిమిదేళ్ల మేనకోడలి గురక హాల్లోకి వినబడుతోంది. పొద్దున్నే అక్క పళ్ల డాక్టరు ఇచ్చిన స్కాన్ ప్రింటు తెచ్చి చూపించింది. గొంతు వెనక గాలిదారి ఇరుకుగా ఉన్నచోట ఎరుపు, వెడల్పుగా ఉన్నచోట ఆకుపచ్చ. "క్లిప్పు పెడితే ఆర్నెల్లలో ఎర్రది పచ్చగా అవుతుందంటరా, గురకా పోతుందంట" అంది. మొదటిది జరగొచ్చు. రెండోదానితోనే నాకు పేచీ.

అక్క చెప్పిన క్లిప్పు, అంటే అంగిలిని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్, వట్టి మాయేం కాదు. అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ అనే దంతవైద్యుడు 1860లోనే దీని గురించి రాశాడు. పై దవడ రెండు ఎముకల జత. అంగిలి నడుమ ఉన్న అతుకు పిల్లల్లో ఇంకా గట్టిపడి ఉండదు. పరికరం మధ్యలోని మరను చిన్న పుల్లతో పావు చుట్టు తిప్పితే దాదాపు పావు మిల్లీమీటరు జరుగుతుంది. నోటికి కప్పు ఏదో ముక్కుకు నేల అదే కాబట్టి, ముక్కు లోపలా కాస్త చోటు పెరుగుతుంది. పై పళ్ల వరస కింది పళ్లకు లోపలగా పడే పిల్లలకు ఇది సరైన వైద్యమే. టీనేజీలో ఆ అతుకు బిగుసుకుపోతుందన్నదీ నిజమే. అయితే "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు" అని తల్లిదండ్రులను టెన్షన్ పెట్టడానికి పనికొచ్చేది కూడా ఆ నిజమే.

ఇక ఆ రంగుల బొమ్మ. అది పిల్ల మెలకువగా ఉన్నప్పుడు తీసింది. తల కొంచెం వంచినా, నాలుక కదిపినా, గుటక వేసినా కొలత మారిపోతుంది. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి ముడుచుకోవడం అందులో కనబడదు. పైగా ఆర్నెల్లలో పిల్ల కూడా ఎదుగుతుంది.

పిల్లల గురకకు ఎక్కువగా కారణం ఉబ్బిన టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ గ్రంథులు. నిద్రలో ఊపిరి అడ్డుపడే 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిపై అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. ఏడు నెలల తర్వాత, వాటిని తీసేసిన పిల్లల్లో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. ఆపరేషన్ చేయకుండా డాక్టర్లు కనిపెట్టి చూసిన పిల్లల్లోనూ 46 శాతం మందికి అలాగే వచ్చింది! ఆ రెండో గుంపు పిల్లల నోట్లో ఎక్స్‌పాండర్ ఉండి ఉంటే ఆ పేరంతా దానికే దక్కేది. పరికరం పెట్టనివాళ్లతో పోల్చకుండా చూపించే "ముందు, తర్వాత" ఫొటోలకు నేను విలువ ఇవ్వనిది ఇందుకే.

కింది దవడను ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ అనే పరికరం విషయంలోనూ నా మాట ఇదే. దవడ వెనక్కి ఉన్నందుకు పెట్టించుకోండి, గురక తగ్గితే లాభం అనుకోండి. ఇంకో భయం కూడా ఊళ్లో తిరుగుతోంది, క్లిప్పుల కోసం పళ్లు పీకిస్తే గాలిదారి మూసుకుపోతుందని. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019 నివేదిక దాన్ని ఒప్పుకోలేదు.

క్లిప్పు వద్దని అక్కకు నేను చెప్పలేదు. ముందు రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి తీసుకెళ్లమన్నాను. ఈలోగా రెండు రాత్రులు పిల్ల నిద్రను ఫోన్‌లో వీడియో తీయమన్నాను. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తోందేమో డాక్టరుకు చూపించాలి. మొదటి రాత్రి వీడియో వచ్చింది. నలభై నిమిషాల్లో సగం ఫ్యాను చప్పుడే.