విశాఖ ఫార్మాకు ఎంజైమే దారి

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) ఆవిరి అంటుకుని పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. తర్వాత తనిఖీలు, కమిటీలు, పరిహారాలు చూశాం. అవన్నీ కావాల్సిందే. కానీ మందును అంత సాల్వెంట్, అంత ఒత్తిడి పెట్టే ఎందుకు తయారు చేయాలి? అడగాల్సిన ప్రశ్న ఇదే.

షుగర్ మందు సిటాగ్లిప్టిన్ సంగతి చూడండి. మొదట్లో రోడియం అనే ఖరీదైన లోహం వాడి, హైడ్రోజన్‌ను భారీ ఒత్తిడిలో పంపి చేసేవారు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీల శాస్త్రవేత్తలు ఆ పనిని ఒక ఎంజైమ్‌కు, అంటే జీవకణాల్లో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రొటీన్‌కు అప్పగించారు. 2010లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం దిగుబడి 10 నుంచి 13 శాతం పెరిగింది, వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. హైడ్రోజన్ కోసం పెట్టుకున్న ప్రత్యేక రియాక్టర్లతో పనే లేకుండా పోయింది. మామూలు ఎంజైమ్ ఈ పని చేయలేదు. దాన్ని తయారు చేసే జన్యువును మళ్లీ మళ్లీ మార్చి, చేసేదాకా మలిచారు. ఈ విద్యకే 2018లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు నోబెల్ వచ్చింది.

ఎంజైమ్ ఖరీదెక్కువ, తయారీ పద్ధతి మారిస్తే అనుమతులు మళ్లీ తెచ్చుకోవాలి, ప్రతి రియాక్షన్‌కూ ఎంజైమ్ దొరకదు అంటారు. నిజమే. దొరికే చోటైనా మొదలుపెట్టాలి కదా!

ఈ ఎంజైమ్ విద్య నేర్చుకుంటే ఇంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక కొత్త జన్యువు పుడుతుంది. అది తయారు చేసే ఎంజైమ్ ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, రక్తకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. 2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే మందు ఆ ఎంజైమ్‌నే పట్టి ఆపుతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అందించిన మెథోట్రెక్సేట్ కూడా క్యాన్సర్ కణంలోని ఒక ఎంజైమ్‌ను అడ్డుకునేదే. జన్యువు మారితే ఎంజైమ్ ఎలా మారుతుందో తెలిసినవాళ్లు రియాక్టర్ దగ్గరా పనికొస్తారు, క్యాన్సర్ వార్డుకూ పనికొస్తారు.

పరవాడలో ఫార్మా సిటీ ఉంది. దగ్గర్లోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, నగరంలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే ఎంజైమ్, జన్యు ల్యాబ్ ఒకటి కావాలి. మన కెమిస్ట్రీ పిల్లలు పట్టా పుచ్చుకుని నేరుగా షిఫ్ట్ డ్యూటీకి పోతున్నారు. ఒక జన్యువును మార్చి చూసే అవకాశం వాళ్లకు చదువుకునే రోజుల్లోనే దొరకాలి. నక్కపల్లి బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) పార్కులో రోడ్లు, పైపులైన్లతో పాటే ఈ ల్యాబ్‌కూ ఇప్పుడే స్థలం, డబ్బు కేటాయించాలి.