మూడు లక్షణాలు కనిపిస్తే నేరం రుజువైనట్టే అంటున్న మెసేజ్ గురించి

ఈ మధ్య తెగ షేర్ అవుతున్న మెసేజ్ ఇది: పసిబిడ్డకి మెదడుని కప్పే పొర కింద రక్తస్రావం (సబ్‌డ్యూరల్ అంటారు), కంటి వెనక పొర అయిన రెటీనాలో రక్తం, మెదడు దెబ్బతిని స్పృహ లేకపోవడం, ఈ మూడూ ఉంటే ఎవరో పట్టుకుని ఊపేసినట్టే, వేరే జబ్బు అయ్యే ఛాన్సే లేదు, మంచం మీంచి పడిందంటే అబద్ధమే, చివరిగా ఎవరి చేతిలో ఉందో వాళ్లే దోషులు. రాసినవాళ్లకి పిల్లల మీద ప్రేమే ఉండొచ్చు, కానీ ఈ మాటల్ని పట్టుకుని తీర్పులు చెప్తే తప్పు చేయని తల్లో తండ్రో జైలుకెళ్తారు, అసలు జబ్బున్న బిడ్డకి వైద్యం ఆగిపోతుంది.

"మూడూ ఉంటే ఊపినట్టే." ఈ ఆలోచన 1971లో బ్రిటన్ న్యూరోసర్జన్ గత్‌కెల్చ్ రాసిన పేపర్‌తో మొదలైంది, మెడ నిలవని బిడ్డని కుదిపితే బయట దెబ్బ కనపడకుండానే లోపల రక్తం కారొచ్చు అన్నాడాయన, అంతే. తన మాటని కోర్టుల్లో వాడుతున్న తీరు చూసి ముసలితనంలో ఆయనే బహిరంగంగా ఆందోళన పడ్డాడు. 2005లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు ఇలాంటి నాలుగు కేసుల్ని కలిపి విని, ఈ మూడూ గట్టి అనుమానానికి కారణమే గానీ వాటంతట అవే రుజువు కావు అని చెప్పి, రెండు శిక్షలు కొట్టేసింది, ఒకటి తగ్గించింది, ఒకటి అలాగే ఉంచింది. 2016లో స్వీడన్ ప్రభుత్వ వైద్య మదింపు సంస్థ ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పడితే కాస్త నమ్మదగ్గవి రెండే తేలాయి. చాలావాటిలో సమస్య ఏంటంటే, మూడు లక్షణాలు చూసి "ఇది హింసే" అని ముందు తేల్చేసి, తర్వాత ఆ కేసుల్నే చూపించి "హింసలో ఈ మూడూ ఉంటాయి" అన్నారు. చాలామంది పిల్లల డాక్టర్లు ఆ రిపోర్టుని గట్టిగా విమర్శించారు, నిజమే, కానీ వాళ్లు కూడా మూడు టిక్కులు పెట్టేసి సంతకం చేయమనరు.

"వేరే జబ్బు అయ్యే ఛాన్సే లేదు." అన్నిట్లోకీ ప్రమాదకరమైన మాట ఇదే. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ పడని, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకి రెండో వారం నుంచి ఆర్నెల్ల లోపు ఉన్నట్టుండి మెదడులో రక్తం కారొచ్చు. దాన్ని పట్టించేది రక్తం గడ్డకట్టే టైమ్ చూసే పీటీ టెస్టు. ఎమర్జెన్సీలో ముందే విటమిన్ కె ఇచ్చేస్తే కొన్ని గంటల్లో అది నార్మల్ అయిపోతుంది, అందుకే శాంపిల్ ఏ టైమ్‌కి తీశారు, ఇంజెక్షన్ ఏ టైమ్‌కి ఇచ్చారు అన్నది ఫోరెన్సిక్ నిపుణుడు కేస్‌షీట్‌లో వెతకాలి, ప్రాణం కాపాడటం ముందు కాబట్టి డాక్టర్ని తప్పుపట్టలేం, రెండు నిమిషాల ముందు రక్తం తీసి పెడితే మాత్రం ఎంతో మేలు. గ్లూటారిక్ అసిడూరియా టైప్ 1 అనే పుట్టుకతో వచ్చే జబ్బులో తల పెద్దగా ఉండి సబ్‌డ్యూరల్ రక్తం కనిపిస్తుంది, యూరిన్‌లో ఆర్గానిక్ యాసిడ్స్ చూస్తే తెలుస్తుంది, చూడకపోతే హింస అని రాసేస్తారు. కాన్పు సంగతి ఇంకోటి: 2008లో వచ్చిన ఒక స్టడీలో ఏ లక్షణాలూ లేని 101 మంది నవజాత శిశువులకి ఎమ్మారై తీస్తే 46 మందికి సబ్‌డ్యూరల్ రక్తం ఉంది, మూడు నెలలకల్లా పోయింది.

"మంచం మీంచి పడితే ఏమీ కాదు." చాలావరకు నిజమే, తక్కువ ఎత్తు నుంచి పడి పిల్లలు చనిపోవడం చాలా చాలా అరుదు. కానీ అరుదు వేరు, అసాధ్యం వేరు. చిన్న పడటానికే పుర్రె చిట్లి దానికిందే కాస్త రక్తం చేరిన కేసులు బోలెడు, తల ఎక్కడ తగిలింది, నేల ఎలాంటిది, వాపు ఎటువైపు ఉంది అన్నీ చూడాలి.

"చివరిగా ఎత్తుకున్నవాళ్లే." సీటీలో రక్తం రంగు చూసి గంటలు లెక్కకట్టలేం, తాజా రక్తం కూడా నలుపు తెలుపు కలిసి కనపడొచ్చు. దెబ్బ మరీ తీవ్రమైతే బిడ్డ వెంటనే కుప్పకూలుతుంది, ఒప్పుకుంటా. కానీ అలా కాని కేసుల్లో మగతగా ఉండటం, వాంతులు, పాలు తాగకపోవడమే ఉంటాయి. 1999లో అమెరికాలో 173 మంది పిల్లల కేసులు తిరగేస్తే 54 మందికి మొదట చూసిన డాక్టరే తలగాయాన్ని గుర్తించలేకపోయాడు. డాక్టర్‌కే అందని విషయాన్ని పట్టుకుని ఆ పూట బిడ్డని చూసుకున్న ఆయామ్మని ఎలా దోషి అంటాం? ఎవరు చేశారు, కావాలని చేశారా అన్నది స్కాన్ చెప్పదు, అది పోలీసులూ కోర్టూ తేల్చాల్సిన పని.

ఇక కామెంట్లలో కొందరు "అయితే షేకెన్ బేబీ (బిడ్డని ఊపేసి గాయపరచడం) అంతా కట్టుకథ" అంటున్నారు, అదీ తప్పే. ఇంకా బోర్లా కూడా పడని బిడ్డ చెవి మీదో మెడ మీదో కమిలిన మచ్చ, వెన్నెముక దగ్గర పక్కటెముకలు విరగడం, రెటీనా అంచులదాకా పొరపొరలుగా లెక్కలేనన్ని రక్తపు మచ్చలు, ఇవి కలిసి కనపడితే చాలా గట్టి అనుమానమే. మొదటి ఎక్స్‌రేలో దొరకని పక్కటెముక విరుపు రెండు వారాల తర్వాత అతుక్కునేటప్పుడు తెలుస్తుంది, అందుకే మళ్లీ తీయాలి. తీయకపోతే, తీయలేదని రిపోర్టులో రాయాలి.