పొగ ఢిల్లీకి తగిలితేనే గడ్డి గుర్తొస్తుందా?

యాసంగి కోతలు ముగిసిన పొలాల్లో మళ్లీ మంటలు. ఏటా చూస్తున్నదే. కాలుతున్నది చెత్త కాదు, వరిగడ్డి, పశువుల మేత. పక్క మండలంలో రెండు గేదెలున్న ఇల్లాలు ట్రాక్టర్ గడ్డి కోసం అప్పు చేస్తుంటే, ఇక్కడ ఎకరాలకు ఎకరాలు బూడిదవుతోంది.

రైతుకు టైం లేదు, కూలీలు దొరకరు అంటారు. నిజమే. చేత్తో కోసిన రోజుల్లో గడ్డి మోపులై ఇంటికొచ్చి వాములో పడేది. హార్వెస్టర్ దాన్ని మడంతా చిమ్మేసి పోతోంది. చుట్టి కట్టాలంటే బేలర్ కావాలి. దాని కోసం ఎదురుచూస్తుండగా ఒక్క వాన పడితే చాలు, గడ్డి నల్లబడుతుంది. గేదె మూతి కూడా పెట్టదు.

గడ్డి కాల్చిన పొగ ఢిల్లీని కమ్మకుండా 2018లో పంజాబ్, హరియాణా, యూపీ, ఢిల్లీలకు కేంద్రం యంత్రాల కోసం ప్రత్యేక పథకం తెచ్చింది. యంత్రం కొనే రైతుకు 50 శాతం, అద్దెకిచ్చే సంఘాలకు 80 శాతం సాయం. మనకు అందులో చోటు లేదు. మన పొగ పార్లమెంటు దాకా పోదు కాబట్టా? 2024లో అక్కడ గడ్డి కాల్చే రైతులకు జరిమానాలు రెట్టింపు చేశారు, 5 ఎకరాలు దాటిన రైతుకు 30 వేలు. యంత్రాలు రాకుండా ఆ జరిమానాలు మాత్రం ఇక్కడికి వస్తాయేమోనన్నదే మా భయం.

వరిగడ్డిలో బలం లేదన్న మాట కూడా వింటుంటాం. వట్టి గడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే, కాదనం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే ఆ మాంసకృత్తుల శాతం దాదాపు రెట్టింపవుతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. ఎప్పటి నుంచో తెలిసిన పద్ధతే ఇది. ఎన్ని ఊళ్లలో చేసి చూపించారు? వేరుశనగ కట్టె, కంది పొట్టు, జొన్న చొప్ప విలువ పాడి రైతుకు తెలుసు. తెలియనిది సచివాలయానికే.

మంట పెట్టొద్దని ఫ్లెక్సీలు కట్టడానికి డబ్బులుంటాయి, బేలర్లకు ఉండవా? ఢిల్లీ రైతుకు ముందు యంత్రం, మన రైతుకు ముందు నోటీసా? వానాకాలం కోతలకు ముందే ఏ మండలానికి ఎన్ని బేలర్లు, అద్దె ఎంత అన్నది గ్రామ పంచాయతీ గోడ మీద రాయించండి. అంతవరకు ఏ అధికారీ చలానా పుస్తకంతో పొలం గట్టెక్కొద్దు.