గచ్చు మీది మందు, వాగు అడుగున విషం

చీమల బారు కనిపిస్తే చాలు, గోడ వారగా, వాకిట్లో సిమెంటు మీద, మెట్ల మీద మందు కొట్టేస్తున్నారు. చీమలు పోతాయి, మందు పోదు. బైఫెన్‌త్రిన్, పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు సిమెంటును పట్టుకుని వారాలు, నెలల తరబడి ఉంటాయి. వాన పడ్డప్పుడల్లా కొంత కొట్టుకుపోతుంది. మట్టి నేలైతే చాలావరకు పట్టి ఉంచేది, గచ్చు ఉంచదు. చాలా నగరాల్లో వాననీటి కాలువ ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులో కలుస్తుంది.

ఎంత మందుకు ప్రాణాలు పోతాయో చూడండి. వాగుల విషపరీక్షలకు వాడే హయలెల్లా అనే జీవి రొయ్యల జాతిది, బియ్యపు గింజంత ఉంటుంది. లీటరు నీటిలో కొద్ది నానోగ్రాముల బైఫెన్‌త్రిన్‌కే వాటిలో సగం చచ్చిపోతాయి. లీటరుకు 5 నానోగ్రాములని లెక్క వేసినా, ఒక్క గ్రాము మందు 20 కోట్ల లీటర్ల నీటిని ఆ స్థాయికి తెస్తుంది. పైగా నీరు చల్లబడేకొద్దీ ఈ మందుల విషం పెరుగుతుంది. పరీక్షలేమో సాధారణంగా 23 డిగ్రీల దగ్గర జరుగుతాయి, కాబట్టి అంతకంటే చల్లని వాగులో విషం పరీక్ష చూపినదానికంటే ఎక్కువే.

పైరెత్రాయిడ్లు నీటిలో కరగడానికి ఇష్టపడవు. ఒండ్రుకు, కుళ్లిన ఆకులకు అంటుకుని అడుగుకు చేరతాయి. ఎండ రోజున పైనీరు సీసాలో పట్టి పరీక్షిస్తే దాదాపు ఏమీ దొరకదు. ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని సేంద్రియ మురుగు కొలత) లెక్కలు బాగానే కనిపిస్తాయి. అడుగు బురదలో మాత్రం రాళ్ల కింద బతికే పురుగు పిల్లలు, చేపలకు అవే తిండి, ఒక్కొక్కటిగా మాయమవుతాయి. దోమపిల్లలను తినే తూనీగ పిల్లలకూ ఇదే గతి. దోమలు రోజుల్లో తిరిగి పుంజుకుంటాయి, మందుకు లొంగని రకాలూ తయారవుతాయి. తూనీగలు కోలుకోవడానికి నెలలు పడుతుంది.

మురుగునీటి దారి వేరు. కుక్కలు, పిల్లులకు పిడుదుల కోసం వేసే ఫిప్రోనిల్ అనే పురుగుమందు స్నానపు నీటితో, పక్కబట్టలు ఉతికిన నీటితో మురుగులోకి చేరుతుంది. శుద్ధి కేంద్రం దాన్ని పూర్తిగా ఆపలేదు. ఇంగ్లండ్‌లోని 20 నదులపై 2020లో వెలువడిన అధ్యయనంలో 98 శాతం నమూనాల్లో ఫిప్రోనిల్ కనిపించింది.

ఒక మందును నిషేధిస్తే సరిపోతుందన్న వాదనతో మేం ఏకీభవించం. అమెరికాలో ఇళ్లలో వాడే డయాజినాన్ అనే పురుగుమందు అమ్మకాలు 2004తో ముగిశాయి. ఆ ఖాళీని పైరెత్రాయిడ్లే నింపాయి. మార్చాల్సింది మందు పేరును కాదు, కొట్టే చోటును. కాలిఫోర్నియా 2012లో ఆ పని చేసింది. అక్కడి నిబంధన ప్రకారం వృత్తిగా మందు కొట్టేవారు గచ్చంతా తడపకూడదు, పగుళ్లలోనో సన్నని ధారగానో వేయాలి. గోడ మీద నేల నుంచి 2 అడుగులు దాటకూడదు, వానలో కొట్టకూడదు. అందులోని లోటు, సొంతంగా కొట్టుకునే గృహస్థులకు అది వర్తించకపోవడం.

గృహస్థులు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. చీమలు వచ్చే పగులును మూసేయండి. బొద్దింకలకు స్ప్రే బదులు జెల్ ఎర పెట్టండి, సింకు కింద, అలమర మూలల్లో బొట్టు బొట్టుగా చాలు. 24 గంటల్లో వాన వచ్చేట్టుంటే బయట మందు ముట్టొద్దు. గుళికలు గచ్చు మీద పడితే నీళ్లతో కడగకుండా చీపురుతో ఊడ్చి, మట్టిలో వేయాల్సిన చోట వేయండి. డబ్బా కడిగిన నీటిని కాలువలో పారబోయకుండా స్ప్రే ట్యాంకులోనే కలిపి వాడేయండి. కొలత మించితే చీమలు ఎక్కువేమీ చావవు, మిగిలింది వాగుకే వెళ్తుంది.

ప్రభుత్వాలను మేం అడిగేవి రెండు. గచ్చు మీద పరచి కొట్టడాన్ని ఇంటివారికీ, వృత్తివారికీ లేబుల్ మీదే నిషేధించాలి. కాలుష్య పరీక్షల్లో వాగు అడుగు బురదను, మొదటి వాన తర్వాతి నీటిని చేర్చి ఫలితాలు ఏటా బయటపెట్టాలి.