క్షవరమైంది, వివరం తెలిసింది: ప్యూర్ బ్యాడ్జర్ బ్రష్షు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్యూర్ బ్యాడ్జర్ షేవింగ్ బ్రష్షు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు స్టాండుకు తలకిందులుగా వేలాడుతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఈ ఉదయం నురగ కడిగాక చెంప మీద పదకొండు వెంట్రుకలు తేలాయి. నావి కావు. నావి రెండంగుళాల పొడవుండవు.

బ్యాడ్జర్ అనే బొరియ జంతువు వెంట్రుకలతో తయారైన తమరు దయచేశాక ఇది ఇరవై రెండో షేవింగు. కొత్త బ్రష్షు మొదటి వారంలో పదో పదిహేనో రాల్చడం మామూలే. కుచ్చు కట్టేటప్పుడు జిగురు దాకా చేరని పొట్టి వెంట్రుకలు ఎప్పటికైనా బయటికి రావాల్సినవే. పది షేవింగులు దాటాక కూడా రాలుతున్నాయంటే మాత్రం కుచ్చు నడిమధ్యకు జిగురు ఇంకలేదని లెక్క. ఇంకొన్నాళ్లకు కుచ్చు మొత్తం పిడిలోంచి ఊడి చేతికొస్తుంది. ఆ శుభకార్యానికి ముహూర్తం ఎప్పుడో తమరే సెలవివ్వాలి.

అయినా రాలడం గురించి పల్లెత్తు మాట అనను. ఆ బాధ జుట్టు రాలేవాళ్లకే తెలుస్తుంది. నా గొడవంతా తమరి పేరుతోనే.

ప్యూర్!

మన వాడుకలో ఆ మాటకు ఎంత బరువుందో తమరికి తెలుసా? ప్యూర్ నెయ్యి అంటే డాల్డా కలవనిది. ప్యూర్ పట్టు అంటే పాలియెస్టర్ పోగు పడనిది. ప్యూర్ వెజ్ బోర్డు పెట్టిన హోటల్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తకూడదు. ఆ లెక్కన ప్యూర్ బ్యాడ్జర్ అంటే ఇంక దాని మీద మాటే లేదని ఎవడైనా అనుకుంటాడు. అనుకున్నాడు, కొన్నాడు. తీరా చూస్తే తమరి వరసలో ప్యూర్ అన్నది అట్టడుగు మెట్టు. దాని మీద బెస్ట్. బెస్ట్ అంటే అన్నిటికన్నా మంచిదని పొరబడేరు, దాని మీద సూపర్ ఉంది. సూపర్ మీద సిల్వర్‌టిప్. ఆ పైన ఎవరికి తోచిన పేరు వారిది: ఫైనెస్ట్ అని ఒకరు, హై మౌంటెన్ వైట్ అని ఇంకొకరు. థర్డ్ క్లాసులో గట్టెక్కినవాడికి ‘స్వచ్ఛ’, సెకండ్ క్లాసువాడికి ‘సర్వోత్తమ’ అని బిరుదులిచ్చేసి, ఫస్ట్ క్లాసువాడి దగ్గరికొచ్చేసరికి బిరుదులు అయిపోయి వాడి తలకు వెండి పూత పూసినట్టుంది వ్యవహారం.

పోనీ, ఈ మెట్లైనా అందరికీ ఒక్కటేనా? బంగారం మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని అర్థం. నెయ్యికి అగ్‌మార్క్ ఉంది. పట్టుకు సిల్క్ మార్క్ ఉంది. తమరికి ఏ మార్కూ లేదు. ఏ వెంట్రుకను బెస్ట్ అనాలో, దేన్ని సూపర్ అనాలో తేల్చే ఉమ్మడి కొలబద్ద లేదు. ఒకరి బెస్ట్ ఇంకొకరి సూపర్ కన్నా మెత్తగా ఉండొచ్చు. అందువల్ల తక్కువ డబ్బుతో తమరిని కొనబోయేవాడు పెట్టె మీద పేరు చదవకూడదు, వెంట్రుక కొన చదవాలి.

రండి, ఫోన్ టార్చి వేసి చదువుదాం. జంతువు ఒంటి మీద పెరిగిన వెంట్రుక కొస సూదిలా సన్నబడి ముగుస్తుంది. పని తెలిసినవాడు ఆ వెంట్రుకల కట్టను కొనలు కిందికి ఉండేలా గిన్నె లాంటి అచ్చులో దించి, మెల్లగా తట్టి, కొనలు వాటంతటవే గుండ్రటి తలగా కూర్చునేలా చేస్తాడు. ఆ తర్వాత వెంట్రుకల మొదళ్ల దగ్గర దారం బిగించి జిగురు పోస్తాడు. కొనల జోలికి కత్తెర పోదు. చవకగా చేసేవాడికి అంత ఓపిక ఎక్కడిది? కట్టను ఎలా పడితే అలా కట్టేసి, పైన తలను కత్తెరతో గుండ్రంగా దిద్దుతాడు. టార్చి వెలుగులో తమరి తల చూస్తే కోత కోసిన మడిలో కొయ్యకాళ్లే గుర్తొచ్చాయి. ఒక్క కొన కూడా సన్నబడలేదు, అన్నీ మొండిగా తెగి ఉన్నాయి. ఆ మడిలో చెప్పుల్లేకుండా నడిస్తే పాదానికి ఎలా ఉంటుందో, ఇరవై రెండు రోజులుగా గడ్డానికి అలా ఉంది. అంటే ఏమిటన్నమాట? గడ్డం గీసుకోవడానికి తెచ్చుకున్న వస్తువుకే ఎవరో ముందుగా గడ్డం గీసి పంపారు.

‘అంత నాజూకైతే సిల్వర్‌టిప్ కొనుక్కోవాల్సింది’ అంటారేమో. వెయ్యి రూపాయలకు సిల్వర్‌టిప్ అని ఎక్కడైనా కనబడితే అది తమరే, తలకు బ్లీచింగ్ చేయించుకుని వచ్చి ఉంటారు. అసలు సిల్వర్‌టిప్ కొన పాలమీగడ రంగులో ఉంటుంది. వెంట్రుక నడుమ ఉండే నల్ల పట్టీలోంచి ఆ తెలుపులోకి రంగు మెల్లగా మారుతుంది, అదీ ఒక్కో వెంట్రుకకు ఒక్కో ఎత్తులో. బ్లీచ్ కొట్టిన తల గోడకు సున్నం వేసినట్టు తెల్లగా, పట్టీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. మందు తిన్న వెంట్రుక పెళుసెక్కి కొనల దగ్గర విరగడం మొదలుపెడుతుంది.

ఈ మారువేషాలు తమరి వృత్తికి కొత్త కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్యాడ్జర్ వెంట్రుక దొరక్క, గుర్రపు వెంట్రుకకు రంగులద్ది బ్యాడ్జర్‌లా తయారుచేసి అమ్మారు. దాన్ని సరిగా శుద్ధి చేయకపోవడంతో ఆంత్రాక్స్, అదే మన పశువులకొచ్చే దొమ్మ రోగం, గడ్డం గీసుకున్న గాట్లలోంచి మనుషులకు ఎక్కింది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సైనికులతో సహా జనం చనిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్షుల దిగుమతినే ఆపేసింది. తమరు నాకు అంత ద్రోహం తలపెట్టలేదు, ఒప్పుకుంటాను.

ఆ బ్రిటన్‌లోనే 1992 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా బ్యాడ్జర్‌ను చంపడం నేరం. అందుకని పిడి ఇంగ్లండులో చెక్కినా వెంట్రుక మాత్రం చైనా నుంచి రావాలి. అక్కడ ఆ జంతువులను ఎలా బోనుల్లో పెట్టి చంపుతున్నారో 2018లో జంతు హక్కుల సంస్థ పెటా వాళ్లు వీడియో తీసి బయటపెట్టాక కొన్ని కంపెనీలు తమరితో తెగతెంపులు చేసుకున్నాయి. ఆ సంగతి తెలిశాక ప్యూర్ అన్న మాట కొయ్యకాళ్ల కన్నా గట్టిగా గుచ్చుకుంటోంది.

పేరు పోనిద్దాం, కొలతలకొద్దాం. పెట్టె మీద కుచ్చు వ్యాసం 22 మిల్లీమీటర్లని ఉంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబు తర్వాత మళ్లీ ఇన్నాళ్లకు వెర్నియర్ కాలిపర్స్ పట్టాల్సి వచ్చింది. కొలవాల్సింది కుచ్చు పిడిలోంచి బయటికొచ్చే మెడ దగ్గర, విచ్చుకున్న తల దగ్గర కాదు. మెడ దగ్గర 19.4. పిడి అంచు నుంచి తల కొస దాకా ఎత్తు, అదే లాఫ్ట్ అంటారు, 58. మా బడ్జెట్‌వాళ్లకు 21, 22 మిల్లీమీటర్ల కుచ్చుకు 48 నుంచి 50 లాఫ్ట్ ఉంటే చాలు, గట్టి సబ్బు మీద కూడా నిలబడి పనిచేస్తుంది. చుట్టు తగ్గించి ఎత్తు పెంచితే ఫొటోలో గంభీరంగా ఉంటుంది, సబ్బు మీద పెట్టగానే నడుము పట్టేసినవాడిలా పక్కకు వాలిపోతుంది. ఇంకో తమాషా. పొడిగా ఉన్నప్పుడు కుచ్చు మధ్యలోకి వేలు దించితే లోపల గోలీకాయంత గట్టిగా ఏదో తగులుతోంది. జిగురు గడ్డ. దాని చుట్టూ వెంట్రుకలు, నడుమ గారెకున్నట్టు చిల్లు. ఉండాల్సిన వెంట్రుక లేని చోట జిగురు పోసి సరిపెట్టారు. అంత జిగురు పోసి కూడా వెంట్రుకలు రాలుతున్నాయి చూశారా, అదీ పనితనం.

వాసన సంగతి మర్యాదకు ఎత్తడం లేదు. షాంపూతో రుద్ది, సబ్బు నురగ పట్టించి రాత్రంతా అలాగే వదిలేసి, మర్నాడు కడిగి, మూడుసార్లు ఇదే తంతు చేస్తే తడి మేక వాసన కాస్తా పొడి మేక వాసనయింది.

ఇంక తమరూ లేదు, గిమరూ లేదు. ఏరా, పన్నెండు వందల యాభై రూపాయలు పోసి తెచ్చుకుంటే ఇదా నువ్వు చేసేది? వేడినీళ్లు పడవంటావు, మరిగేవి పోస్తే జిగురు వదులవుతుందంటావు, సరేనని గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నానబెడుతున్నారు. గట్టిగా నొక్కితే నడిమికి విరుగుతానంటావు, సరేనని గోడకు వెల్ల వేసినట్టు పైపైన ఆడిస్తున్నారు. పిండేటప్పుడు మెలి తిప్పితే ఊడతానంటావు, సరేనని తువ్వాల్లో పసిపిల్లాడి తల తుడిచినట్టు అద్దుతున్నారు. బోరు నీళ్ల ఊళ్లో నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి తెట్టు కట్టి నీ వెంట్రుకలకు అట్టలా పట్టుకుంటే, ఒక చెంచా వెనిగర్‌కు పది చెంచాల నీళ్లు కలిపి ఐదు నిమిషాలు నీకు స్నానం చేయిస్తున్నారు. కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. ఇన్ని చేయించుకుని, పనికొచ్చేసరికి గుచ్చి, రాల్చి, వాలిపోతావు. పైగా పేరు ప్యూర్! నీకంటే సందు చివర కిరాణా కొట్లో అరవై రూపాయల నైలాన్ బ్రష్షు నయం. అది గుచ్చుతుంది నిజమే, కానీ దాని పెట్టె మీద గుచ్చనని రాసి లేదు.

ఇదే డబ్బుకు నీ పోటీదార్లు ఎవరో తెలుసా? పంది వెంట్రుకల బ్రష్షు. ఇటలీలో ఒమెగా, పోర్చుగల్లో సెమోగ్ దశాబ్దాలుగా చేస్తున్నారు. మొదట మొరటుగానే ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు నానబెట్టాలి, పదిహేను ఇరవై షేవింగులకు కొనలు చీలి మెత్తబడతాయి. అంటే అది రోజురోజుకూ బాగుపడే జాతి, నీలాగా రోజురోజుకూ బట్టతల వచ్చే జాతి కాదు. పంది వద్దనుకునేవాళ్లకు సింథటిక్ ఉంది. నానబెట్టక్కర్లేదు, వాసన లేదు, మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది, విశాఖ, కాకినాడ ఉక్కపోతలో కూడా బూజు పట్టదు. దాని కొనలకు కూడా నీలాగే నల్ల పట్టీ, తెల్ల పట్టీ రంగులు వేస్తున్నారు. అదొక్కటే దానితో పేచీ. అన్నీ ఉన్నది నీలాగా కనబడాలని ఎందుకు తాపత్రయపడుతుందో.

సరే. కోపం దిగింది. మళ్లీ మీరు అంటాను.

ఒక్క విషయం రాయకపోతే పాపం చుట్టుకుంటుంది. నానాక రెండుసార్లు విదిలించి, సబ్బు మీద బరువు పెట్టకుండా ఇరవై, ముప్పై సెకన్లు తిప్పి, చెంప మీదికి వస్తే, మీ దగ్గర ఏదో విద్య ఉంది. సింథటిక్ ఉన్న నురగంతా మొదటి చుట్టుకే ముఖాన పడేసి చేతులు దులుపుకుంటుంది. మీరు వెంట్రుకల మధ్య నీళ్లు దాచుకుని కొద్దికొద్దిగా వదులుతారు. రెండో చుట్టుకు, మూడో చుట్టుకు కూడా ఒక్క చుక్క నీళ్లు కలపకుండా నురగ మీగడలా వస్తుంది, అదీ వెచ్చగా. మాఘమాసం పొద్దున ఆ వెచ్చదనం చెవి కింద తగిలినప్పుడు కొయ్యకాళ్లు కూడా కాసేపు గుర్తుకు రావు. అట్టడుగు మెట్టు మీదున్న మీకే ఇది చేతనైతే, పైమెట్టు వాళ్లు ఏం చేస్తారో అన్న దురాశ కూడా పుడుతుంది. ఆ దురాశ మీదే మీ వ్యాపారం నడుస్తోందని తెలిసి కూడా పుడుతుంది.

అందువల్ల తమరికి ఒక అవకాశం ఇస్తున్నాను. ముందు మూడు రోజులు పూర్తిగా ఆరాలి. ఆదివారం కుచ్చును మెల్లగా కదిపి ఊడదీస్తాను, ఎలాగూ సగం వదిలే ఉంది. పిడి గుంతలో పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, అరల్డైట్ రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి కలిపి, ముందు కుచ్చు అడుగున నడిమధ్యలో ఇంకేలా పూసి, మిగిలింది గుంతలో వేసి కూర్చోబెడతాను. ఇరవై నాలుగు గంటలు నీటి చుక్క తగలనివ్వను. ఇదంతా ఉచితమే, అరల్డైట్ ఖర్చు కాక. ఇరవై మూడో షేవింగు మంగళవారం. రాలినవి లెక్క రాయడానికి అద్దం పక్కన పెన్సిలు కట్టి ఉంచాను.

ఇట్లు,
తమరి చేత నున్నగా గొరిగించుకున్న
విధేయుడు

తా.క.: తమరితో పాటు అంటగట్టిన స్టాండుకు వేరే మూడు వందలు పడ్డాయి. తలకిందులుగా వేలాడదీయకపోతే కుచ్చు కుళ్లిపోతుందన్నారు. విదిలించి, అద్ది, గాలి తగిలే చోట నిలబెడితే నిక్షేపంగా ఆరతారని తేలింది. కనుక ఇకపై తమరి నివాసం కిటికీ గట్టు. స్టాండును వంటింటికి బదిలీ చేశాం, ప్రస్తుతం దానికి టీ జాలీ వేలాడుతోంది.