గౌరామి సంబంధాలు కుదుర్చబడును

మన నగరాల అక్వేరియం దుకాణాల్లో 'బ్రీడింగ్ పెయిర్', అంటే పిల్లల్ని పెట్టే ఆడా మగా జత, అనే సరుకు ఒకటి అమ్ముడవుతోంది. ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు బిగించిన పాలిథిన్ కవరు, అందులో రెండు డ్వార్ఫ్ గౌరామీ చేపలు, విడివిడిగా కొంటే అయ్యేదానికంటే కాస్త ఎక్కువ ధర. ఆ అదనపు సొమ్ము, రెండింటిలో ఒకటి ఆడది అని దుకాణదారు ఇచ్చే హామీకి మనం చెల్లించే రుసుము. హామీ గొప్పదే గానీ, ఆ కవరులో ఉన్నవి రెండూ మగవి.

ఈ సంగతి కనిపెట్టడానికి మత్స్యశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. మగదానికి నారింజ-ఎరుపు ఒంటిపై మెరిసే నీలి చారలుంటాయి, వీపు రెక్క చివర మొనదేలి ఉంటుంది. ఆడది బూడిద కలిసిన వెండి రంగులో, గుండ్రటి వీపు రెక్కతో, కాస్త చిన్నదిగా ఉంటుంది. పది అడుగుల దూరం నుంచే తెలిసిపోయే ఈ తేడా తెలియనివారు లోకంలో ఇద్దరే ఉన్నారు. ఒకరు నిన్ననే గాజుతొట్టి కొన్న గృహస్థు, రెండోవారు ఏళ్ల తరబడి చేపలమ్ముతున్న దుకాణదారు.

ఇక ఆ సంబంధం కుదిరే తంతు చూసి తీరవలసిందే. దుకాణదారు తొట్టిలో చేతివల తిప్పి, నిగనిగలాడే ఎర్ర చేపల గుంపులోంచి ఒకదాన్ని పట్టి "ఇది మేల్ సార్" అంటాడు. ఏమాత్రం తడబడకుండా అదే ఎరుపు, అవే చారలున్న మరొకదాన్ని పట్టి "ఇది ఫీమేల్" అంటాడు. ఎలా తెలిసిందని అడిగితే, ఏ పెళ్లిళ్ల పేరయ్యకూ తీసిపోని గాంభీర్యంతో "మూలకు నక్కి ఉంది చూడండి, సిగ్గు" అని సెలవిస్తాడు. తక్కిన మగవాటి చేతిలో చావుదెబ్బలు తిన్న చేప మూలకు నక్కక ఏం చేస్తుంది? తోక రెక్క చిరిగి ఉందేమిటని వరుని తరఫువారు సందేహం వెలిబుచ్చితే "కొత్త కదా సార్, సర్దుకుంటుంది" అని ఊరడిస్తాడు. పొద్దున్న వధువుగా నిలబడ్డ ఆ చేప మధ్యాహ్నం నాలుగు మెతుకులు తిని తేరుకుని మరొకదాన్ని తరమడం మొదలుపెడితే, సాయంత్రం వచ్చిన కొనుగోలుదారుకు వరుడిగా చూపబడుతుంది. గుడ్లు ఎప్పుడు పెడతాయంటే నెల తిరిగేలోగా గ్యారంటీ. కట్నకానుకల కింద హీటరు, ప్లాస్టిక్ మొక్క, మూత తెరుచుకుంటూ బుడబుడమని గాలి వదిలే నిధిపెట్టె కూడా అంటగడతారు. ఆ బుడబుడలకు నీటిపైన గూడు నిలవదని చెప్పే పురోహితుడు మాత్రం ఆ పరిసరాల్లో దొరకడు.

గౌరామి గూడంటే ఏమిటో వారికి తెలిస్తే కదా. మగచేప నోటితో గాలి పీల్చి, జిగురు పట్టిన బుడగలను ఒక్కొక్కటిగా పైకి వదులుతూ, మధ్యమధ్యలో నాచు పోగులూ ఆకు తునకలూ ఇరికించి, నీటిపై చిన్న నురుగు కప్పు వేస్తుంది. నీరు కదలకూడదు, లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు, వేడి 27, 28 డిగ్రీలుండాలి, అంతరతామర వంటి తేలే మొక్కలు కొన్ని ఉండాలి. ఆడది గూటి కిందికి వచ్చాక మగది దాని ఒంటిని చుట్టుకుంటుంది. విడుదలైన గుడ్లు నీటికంటే తేలిక కాబట్టి పైకి లేస్తాయి, పక్కకు చెదిరినవాటిని తండ్రి నోటితో ఏరి గూట్లో పెడుతుంది. ఇంతటి శ్రద్ధగల తండ్రి ఆ పని ముగిసిన క్షణం నుంచి భార్యను పగదానిలా చూస్తుంది, గూటి దరిదాపులకు వస్తే తరిమి కొడుతుంది. అందుకే ఆడదాన్ని వెంటనే వేరే తొట్టిలోకి మార్చాలి. ఎప్పుడో ఒకసారి నిజంగానే ఆడది దొరికినవారూ మార్చరు. దాక్కోవడానికి ఒక్క ఆకైనా లేని తొట్టిలో అది ప్రాణభయంతో అద్దానికి ముక్కు కొట్టుకుంటూ పరిగెడుతుంటే, ఫోను ఎదురుగా పెట్టి వీడియో తీసి, వెనక ప్రేమపాట వేసి, 'రొమాన్స్' అని రాసి అందరికీ పంపుతారు. మర్నాటికి అది వెల్లకిలా తేలితే నీళ్లు పడలేదంటారు. నీళ్లు పడకపోవడమేమిటి? కళ్ల ముందు కొట్టి చంపుతుంటే చూస్తూ కూర్చున్నారు!

పిల్లల సంగతి మరొక ప్రహసనం. గుడ్లు ఒకటి ఒకటిన్నర రోజుల్లో పగులుతాయి. మరో రెండు మూడు రోజులకు పిల్లలు గూడు విడిచి ఈదడం మొదలుపెట్టగానే తండ్రినీ తీసేయాలి. కంటికి ఆనని ఆ పిల్లల నోటికి పట్టేది ఇన్ఫ్యుజోరియా వంటి సూక్ష్మజీవులే. వాటిని ముందే, ఎండుటాకో క్యాబేజీ ఆకో నానేసి పెంచుకోవాలి. దుకాణం సలహా మాత్రం ఉడికించిన గుడ్డులోని పచ్చసొన. మోతాదు కాస్త మించితే చాలు, ఆ సొన అడుగున కుళ్లి పిల్లలతోపాటు తొట్టినంతా కంపు చేస్తుంది. వారం తర్వాత పెట్టవలసిన ఆర్టీమియా అనే ఉప్పునీటి చిరుప్రాణి పేరు చెబితే అది విదేశీ సరుకన్నట్టు నోరు తెరుస్తారు. కాకినాడ, నెల్లూరు తీరాల రొయ్యల హేచరీల్లో ఆర్టీమియా డబ్బా లేకుండా పూట గడవదు. రొయ్యపిల్లకు దక్కే ఆ భాగ్యం చేపపిల్లకు దక్కదు. నీటిపైన గాలి పీల్చే అవయవం పిల్లల్లో కొన్ని వారాలకు గానీ తయారు కాదు, అప్పుడు చల్లగాలి తగలకుండా తొట్టికి మూత ఉంచాలి. ఈ మాట చెప్పినవారిని మన దగ్గర చాదస్తులంటారు.

ఇంతకీ ఆడ గౌరామీలు ఏమయ్యాయి? ఈ జాతి మన గంగదే. స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లోనే గంగ చేపలపై రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. అక్కడి పల్లపు నీళ్లలో నేటికీ ఆడా మగా కలిసే పుడుతున్నాయి. అదే చేప ఆగ్నేయాసియా తొట్లలో పెరిగి 'ఫ్లేమ్ రెడ్', 'పౌడర్ బ్లూ' అనే బిరుదులతో మనకు తిరిగొచ్చేసరికి ఆడవి దారిలోనే మాయమవుతాయి, ఎందుకంటే రంగు లేనిది అమ్ముడుపోదు. కొన్నిచోట్ల మగ హార్మోను కలిపిన మేతతో ఆడదానికీ రంగు తెప్పిస్తారు. సంతానశక్తి దెబ్బతిన్న ఆ చేపను తెచ్చి, సంతానం కోసమే కొనుక్కునేవాడికి అమ్ముతారు. సిగ్గనేది ఉండాలి! ఆ సరుకుతోపాటు ఇరిడోవైరస్ అనే చేపల జబ్బు వస్తే దానికి మందే లేదు. అయినా నీలం మందు సీసా చేతిలో పెట్టి ఆ డబ్బూ తీసుకుంటారు.

బూడిద రంగు చేప ఎవరు కొంటారని దుకాణదారు అడుగుతున్నాడు. మేం కొంటాం, మగదాని ధరకే కొంటాం, రెట్టింపు అడిగినా బేరమాడం. తెచ్చి తొట్టిలో వేస్తే చాలు, ఏది ఆడదో మేమే చూసుకుంటాం.